కఫ్‌లింక్‌పై నాలుగు ముద్రలు.. మీ రెజ్యూమెపై ఎన్ని?

రెండు పాత బంగారు కఫ్‌లింకులు. ఒక్కో బిళ్ల మధ్యలో కందిగింజంత ఎర్ర రాయి. వాటి గురించి నేను రాసిన ఒకే ఒక్క మాట, నేను పనిచేస్తున్న షాపు పరువు మీదికి, నా పార్ట్‌టైమ్‌ ఉద్యోగం మీదికి తెచ్చింది. ఆ మాట ‘నేచురల్‌’.

అబద్ధం చెప్పాలని రాయలేదు. పరికరంతో పరీక్ష చేసే రాశాను. అయినా తప్పే అయింది. ఎందుకైందో అర్థమయ్యాక నా రెజ్యూమెని మళ్లీ తీసి చదువుకున్నాను. అందులోనూ అలాంటి ‘నేచురల్‌’లు ఒకటి కాదు, అరడజను కనిపించాయి!

ఇది నగల కథలా మొదలై రెజ్యూమె దగ్గర ఆగుతుంది. మధ్యలో కెరియర్‌ దారులు కూడా కొన్ని తగులుతాయి. ఓపిగ్గా చదవండి.

బర్మింగ్‌హామ్‌ ఎలా చేరానంటే..

నాది ఈసీఈ. బీటెక్‌ అయ్యాక మాస్టర్స్‌ కోసం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌ వెళ్లాను. కోర్సు అయిపోయింది. చేతిలో రెండేళ్ల గ్రాడ్యుయేట్‌ వీసా, నెత్తిన ఎడ్యుకేషన్‌ లోను, మెయిల్‌బాక్స్‌లో ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అంటూ మొదలయ్యే ఉత్తరాలు. ఇంటికి ఫోన్‌ చేస్తే అమ్మ ‘ఏమైంది నాన్నా’ అని అడగడం కూడా మానేసింది. అడక్కపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

అద్దె కట్టాలి కాబట్టి పాత నగలు అమ్మే ఒక చిన్న షాపులో చేరాను. నా పని, వస్తువులకు ఫొటోలు తీసి, కొలతలు రాసి, వివరాలతో ఆన్‌లైన్‌లో పెట్టడం. ఆ షాపు ఉన్న పేట పేరు జువెలరీ క్వార్టర్‌. రెండు వందల ఏళ్లకు పైగా బంగారం, వెండి పని జరుగుతున్న పేట అది. అక్కడ స్మిత్‌ అండ్‌ పెప్పర్‌ అనే నగల ఫ్యాక్టరీ 1981లో మూతపడింది. పనిముట్లు, కాగితాలు, టీ కప్పులు ఎక్కడివక్కడే వదిలేసి తలుపులకు తాళం వేశారు. ఇప్పుడది మ్యూజియం. సెలవు రోజున వెళ్లి చూశాను. పనివాళ్లు భోజనానికి వెళ్లారు, ఇప్పుడే వచ్చేస్తారు అన్నట్టు ఉంటుంది.

మా తాత బొత్తాలకు చుట్టాలే

కఫ్‌లింక్‌ అంటే ఏమిటో చాలామందికి సినిమాల్లో చూసి తెలుసు. చొక్కా చేతి పట్టీకి మామూలుగా గుండీ కుట్టి ఉంటుంది. కఫ్‌లింక్‌ వాడే చొక్కాకి గుండీ ఉండదు, రెండువైపులా కాజాలే ఉంటాయి. పట్టీ అంచుల్ని కలిపి ఆ కాజాల్లోంచి దీన్ని దూర్చి బిగిస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో గంజిపెట్టిన బిరుసు చేతిపట్టీలు వాడుకలోకి వచ్చాక వీటికి గిరాకీ పెరిగింది. అట్టలా బిగుసుకున్న బట్టకు మామూలు గుండీ పెట్టడం కష్టం మరి.

నాకైతే మొదటిసారి చూడగానే మా తాతయ్య లాల్చీ గుర్తొచ్చింది. పెళ్లిళ్లకు ఆయన ఒక సన్న గొలుసుతో కలిపిన బంగారు బొత్తాలు పెట్టుకునేవారు. లాల్చీ ఉతుక్కి వేసేముందు వాటిని తీసి బామ్మ చేతికివ్వడం, ఆవిడ లెక్కపెట్టుకుని బీరువాలో దాచడం ఇంట్లో ఒక తంతు. బట్ట మారుతుంది, బొత్తం మారదు. కఫ్‌లింక్‌ సంగతీ అంతే.

పాత కఫ్‌లింకుల్లో ఎక్కువగా కనిపించేది గొలుసు రకం. రెండు బిళ్లల్ని చిన్న గొలుసు కలుపుతుంది, రెండువైపులా అలంకారం ఉంటుంది. ఒకవైపు మాత్రమే అలంకారం ఉండి, వెనక అడ్డంగా తిరిగే చిన్న కడ్డీ ఉంటే సాధారణంగా ఆ తర్వాతి కాలం డిజైన్‌. అమెరికాలో 1920లలో టిక్కుమని నొక్కితే అతుక్కునే రకం కూడా బాగా అమ్ముడైంది. అంటే వెనక్కి తిప్పి చూస్తేనే వయసు గురించి సగం కబురు తెలుస్తుంది. ముందువైపు చూసి మురిసిపోయేవాడు కొనేవాడు, వెనకవైపు చూసేవాడు ఈ రంగంలో పనిచేసేవాడు!

నాలుగు ముద్రల భాష

షాపులో చేరిన మొదటి వారం ఓనర్‌ మేడమ్‌ నా చేతిలో పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం పెట్టారు. దాన్ని లూప్‌ అంటారు. ‘ముందు చదవడం నేర్చుకో, రాయడం తర్వాత’ అన్నారు. డెబ్బై ఏళ్లకు దగ్గర్లో ఉన్న మనిషి. గొంతు పెంచరు, కానీ ఏ చిన్న తప్పూ వదలరు.

బ్రిటన్‌లో తయారైన పాత బంగారు వస్తువు మీద సాధారణంగా నాలుగు ముద్రలు ఉంటాయి.

ఒకటి: పరీక్షకు పంపినవాళ్ల గుర్తు. ఎక్కువగా తయారీదారు పేరులోని పొడి అక్షరాలు.
రెండు: స్వచ్ఛత. ఎన్ని క్యారెట్లో చెప్పే అంకె.
మూడు: ఏ ఊళ్లో పరీక్షించారో చెప్పే బొమ్మ. బర్మింగ్‌హామ్‌కి లంగరు, లండన్‌కి చిరుతపులి తల, ఎడిన్‌బరోకి కోట.
నాలుగు: ఏ ఏడాదో చెప్పే అక్షరం.

సముద్రమే లేని ఊరికి లంగరేంటని నాకూ సందేహం వచ్చింది. 1773కి ముందు బర్మింగ్‌హామ్‌ వాళ్లు వెండి వస్తువులు చేస్తే ముద్ర కోసం చెస్టర్‌కో లండన్‌కో పంపాల్సి వచ్చేది. దారిలో ఆలస్యం, దెబ్బలు, దొంగతనాల భయం. మాథ్యూ బౌల్టన్‌ అనే పారిశ్రామికవేత్త పట్టుబట్టి పార్లమెంటుతో చట్టం చేయించి సొంత పరీక్ష కేంద్రం తెప్పించారు. అప్పుడు మంతనాలు జరిగిన లండన్‌ సత్రం పేరు ‘క్రౌన్‌ అండ్‌ యాంకర్‌’ అనీ, అందుకే షెఫీల్డ్‌కి కిరీటం, బర్మింగ్‌హామ్‌కి లంగరు దక్కాయనీ ఊళ్లో కథ చెబుతారు. ఆ కేంద్రంలో బంగారం పరీక్ష మాత్రం 1824లో మొదలైంది.

అసలు ‘హాల్‌మార్క్‌’ అనే మాట లండన్‌ గోల్డ్‌స్మిత్స్‌ హాల్‌ నుంచి వచ్చింది. 1478 నుంచి కంసాలులు తమ వస్తువుల్ని అక్కడికి తెచ్చి పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. హాల్లో వేసిన మార్క్‌ కాబట్టి హాల్‌మార్క్‌. ఇందులో అసలు కిటుకు ఏంటంటే, తయారుచేసినవాడు తనకు తాను సర్టిఫికెట్‌ ఇచ్చుకోవడానికి వీల్లేదు. వేరేవాడు గీసి, కరిగించి, తూచి చూశాకే ముద్ర పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

లెక్క తెలిస్తే వయసు తెలుస్తుంది

స్వచ్ఛమైన బంగారం 24 క్యారెట్లు. 9 క్యారెట్లంటే 24లో 9 భాగాలు.. 37.5 శాతం. అందుకే వస్తువు మీద 9 పక్కన .375 అని ఉంటుంది. 15 క్యారెట్లు అయితే .625, 18 అయితే 75 శాతం. పది గ్రాముల 9 క్యారెట్ల వస్తువులో అసలు బంగారం 3.75 గ్రాములే. అదే బరువున్న 15 క్యారెట్లలో 6.25 గ్రాములు. రాళ్లు పొదిగి ఉంటే ఆ బరువు తీసేయాలి. మన ఊళ్లో 22 క్యారెట్లకు అలవాటైన కంటికి 9 క్యారెట్లు వింతగా అనిపిస్తుంది కానీ, రోజూ వాడే, రాపిడి తగిలే వస్తువుకు ఆ గట్టిదనం పనికొస్తుంది.

ఇక్కడే నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. బ్రిటన్‌లో 9, 12, 15 క్యారెట్ల ప్రమాణాలు 1854లో వచ్చాయి. 1932లో 12నీ, 15నీ తీసేసి వాటి స్థానంలో 14 పెట్టారు. అంటే బ్రిటిష్‌ వస్తువు మీద ‘15 .625’ కనిపిస్తే, ఏడాది అక్షరం అరిగిపోయినా సరే, అది 1854కీ 1932కీ మధ్యదని చెప్పొచ్చు. ఒక్క అంకె, రెండు సరిహద్దులు. కోడ్‌లో బగ్‌ ఏ వెర్షన్‌లో చేరిందో వెతికినట్టే ఉంటుంది.

రాళ్లకూ ఇలాంటి తేదీలు ఉన్నాయి. టాంజనైట్‌ టాంజానియాలో 1967లో వెలుగులోకి వచ్చింది. వజ్రంలా మెరిసే క్యూబిక్‌ జిర్కోనియా 1976 నుంచి మార్కెట్‌లోకి వచ్చింది. ఎవరైనా ‘1920 నాటి కఫ్‌లింకులండీ, రాయి టాంజనైట్‌’ అంటే రెండు దారులే. రాయి తర్వాత మార్చారు, లేదా తేదీ తప్పు. గట్టిగా వాదించక్కర్లేదు, క్యాలెండరే వాదిస్తుంది.

నేను చేసిన తప్పు

ఇక ఆ ఎర్రరాళ్ల జత దగ్గరికొద్దాం. గొలుసు రకం. ముద్రలు శుభ్రంగా ఉన్నాయి.. పొడి అక్షరాలు, 15 .625, లంగరు, ఏడాది అక్షరం. అక్షరాల పట్టిక తీసి చూస్తే 1925. నాలుగు బిళ్లల మీదా నాలుగు ఎర్ర రాళ్లు.

రాయి ఏదో తేల్చడానికి రిఫ్రాక్టోమీటర్‌ అనే పరికరం ఉంది. రాయిలోకి వెళ్లేటప్పుడు కాంతి ఎంత వంగుతుందో అది అంకెల్లో చెబుతుంది. ఇంటర్‌ ఫిజిక్స్‌లో చదివిన వక్రీభవన గుణకమే. ఎర్రటి స్పినెల్‌ అయితే 1.718 దగ్గర ఒకే రీడింగ్‌ వస్తుంది. గాజు అయితే కూడా ఒకటే రీడింగ్‌. కెంపు అయితే రెండు రీడింగులు.. 1.762, 1.770 దగ్గర. నాకు సరిగ్గా అవే వచ్చాయి. నాలుగు రాళ్లకీ అవే. నేను ఎగిరి గంతేసి రాసేశాను.. ‘1925 నాటి 15 క్యారెట్ల బంగారు కఫ్‌లింకులు, నేచురల్‌ రూబీలతో’.

రెండో రోజే ఒకావిడ ఫోన్‌ చేసి డబ్బు కట్టేశారు. వాళ్ల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయట. అక్కడ నలభయ్యో పెళ్లిరోజుని రూబీ పెళ్లిరోజు అంటారు. భర్తకు చెప్పకుండా కొంతకాలంగా దాచిన డబ్బుతో కొంటున్నానని, ఆయన పెట్టె తెరిచినప్పుడు మొహం చూడాలని ఉందని చెప్పారు. ఫోన్‌ పెట్టేశాక నాకెంత సంతోషమేసిందో! నేను రాసిన నాలుగు లైన్లకు అంత డబ్బు వచ్చిందని కూడా లోపల కాస్త గర్వం.

ప్యాక్‌ చేసేముందు ఓనర్‌ మేడమ్‌ ఆ జతను మైక్రోస్కోపు కింద పెట్టారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి చూడమన్నారు. రాయి లోపల సన్నని గీతలు.. గ్రామఫోను రికార్డు మీద గాడుల్లా వంపు తిరిగి ఉన్నాయి. అక్కడక్కడా చిన్న గాలి బుడగలు.

‘ఆ పరికరం నీకు రూబీ అని చెప్పింది. నేచురల్‌ అని ఎవరు చెప్పారు?’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు.

వంపు గీతలు ఏం చెప్పాయి?

ఓగస్ట్‌ వెర్నొయ్‌ అనే ఫ్రెంచ్‌ శాస్త్రవేత్త కృత్రిమంగా కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించారు. అల్యూమినియం ఆక్సైడ్‌ పొడిలో కొంచెం క్రోమియం కలిపి, అతి వేడి మంటలోంచి కిందికి రాలుస్తారు. కరిగిన పొడి బొట్లు బొట్లుగా ఒక దిమ్మె మీద పడి పేరుకుంటుంది. ఆ దిమ్మె పైభాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్కో పొరా వంపుగానే పేరుకుంటుంది. అవే ఆ గీతలు. భూమిలో పుట్టిన కెంపు చదునైన ముఖాలతో పెరుగుతుంది, అందుకే దాని లోపలి గీతలు తిన్నగా వెళ్లి కోణంలో తిరుగుతాయి.

ఇక్కడ అసలు మెలిక ఏంటంటే, ఇది గాజు కాదు, నకిలీ కాదు. రసాయనపరంగా కెంపే. అందుకే రిఫ్రాక్టోమీటర్‌ అంకెలు రెండింటికీ ఒకటే. ఆ పరీక్ష ‘ఏ ఖనిజం’ అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది. ‘ఎక్కడ పుట్టింది’ అనే ప్రశ్న దాన్ని అడగనే కూడదు. నేను ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్న కింద రాసేశాను.

ఇంకో సంగతి. 1920లలో ఈ కృత్రిమ కెంపులు కొత్త వింత. మంచి బంగారంలో దర్జాగా పొదిగేవారు. ఆ జత తయారుచేసిన మనిషి ఎవర్నీ మోసం చేసి ఉండకపోవచ్చు. బంగారం నిజం, ముద్రలు నిజం, ఏడాది నిజం, రాయి కూడా ఆ కాలానిదే. అబద్ధం రాయిలో లేదు, నేను రాసిన మాటలో ఉంది. హాల్‌మార్క్‌ బంగారం స్వచ్ఛతకే తప్ప రాయికి పూచీ కాదన్న విషయం కూడా నాకు అప్పుడే తట్టింది. నాలుగు ముద్రలు అంత శుభ్రంగా కనిపించేసరికి ఆ నమ్మకం రాయి మీదికి కూడా పాకిపోయింది.

సహజమైన మంచి కెంపుకీ, దీనికీ ధరలో తేడా చాలా ఎక్కువ. ఓనర్‌ మేడమే ఆవిడకు ఫోన్‌ చేశారు. పక్కనే నన్ను నిలబెట్టారు. ‘తప్పు మాది’ అన్నారు, ‘మా కుర్రాడిది’ అనలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నలభై ఏళ్లకు నేల మీద పుట్టిందే కావాలనుకున్నానని చెప్పారు. డబ్బు వాపసు చేశాం. ఆ జత కొన్ని నెలల తర్వాత చాలా తక్కువ ధరకు, సరైన మాటతో అమ్ముడైంది.

నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. ఒక గళ్ల నోటుపుస్తకం ఇచ్చి మూడు గడులు గీయమన్నారు. కంటితో చూసిందేంటి? పరీక్షతో తేలిందేంటి? ఇంకా తేలనిదేంటి? మూడో గడి ఖాళీగా ఉంటే వస్తువు ఆన్‌లైన్‌లోకి వెళ్లదు. అవును, ఖాళీగా ఉంటేనే అనుమానం! ఏదీ తేలకుండా మిగలలేదంటే సరిగ్గా చూడలేదని ఆవిడ లెక్క.

మూడు గడుల్లో నా రెజ్యూమె

ఆ రాత్రి గదిలో కూర్చుని, అదే పుస్తకంలో చివరి పేజీ తిప్పి నా రెజ్యూమెకి మూడు గడులు గీశాను.

‘ఎక్స్‌పర్ట్‌ ఇన్‌ మెషీన్‌ లెర్నింగ్‌’ అని ఉంది. పరీక్షతో తేలిందేంటి? ఒక ఆన్‌లైన్‌ కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్‌. అది నేను వీడియోలు చూశానని, క్విజ్‌ పాసయ్యానని చెబుతుంది. ఎక్స్‌పర్ట్‌నని ఎవరు చెప్పారు?

‘ఫైనల్‌ ఇయర్‌ ప్రాజెక్టులో మోడల్‌ డెవలప్‌ చేశాను’ అని ఉంది. నిజానికి నలుగురం చేశాం. మోడల్‌ రాసింది మా ఫ్రెండు. నేను డేటా శుభ్రం చేశాను, రిపోర్టు రాశాను, పీపీటీ చేశాను. అంతకుముందు ఒక ఇంటర్వ్యూలో ‘ఆ మోడల్‌ పనితీరు కొలవడానికి ఈ కొలమానమే ఎందుకు ఎంచుకున్నారు’ అని అడిగితే నీళ్లు నమిలాను. అప్పుడు ప్రశ్న కష్టంగా ఉందనుకున్నాను. కాదు. వాళ్లు మైక్రోస్కోపు పెట్టారు, వంపు గీతలు కనిపించాయి.

‘డేటా శుభ్రం చేశాను’ అనే మాట మాత్రం రెజ్యూమెలో ఎక్కడా లేదు. చిన్న పనని వదిలేశాను. నాకు నిజంగా వచ్చింది అదొక్కటే!

రెజ్యూమె తిరగరాశాను. ఎక్స్‌పర్ట్‌ అనే మాట పోయింది. ‘నలుగురి బృందంలో డేటా శుభ్రపరిచే బాధ్యత నాది’ అని, ఏయే తప్పులు పట్టుకున్నానో, ఎలా పట్టుకున్నానో రాశాను. షాపు పని గురించి కూడా రాశాను. అంతకుముందు సిగ్గుపడి దాచినదాన్ని అది. పేజీ చూడ్డానికి పలచబడింది. కానీ ఏ లైను మీద వేలుపెట్టి అడిగినా పది నిమిషాలు మాట్లాడగలను.

కొన్ని నెలలకు డేటా క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చింది. కఫ్‌లింకుల కథ వల్లే వచ్చిందని చెప్పను. అలా చెబితే మళ్లీ అదే తప్పు చేసినట్టు. ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన పెద్ద తప్పేంటి’ అని అడిగారు, ఈ సంగతి చెప్పాను, వాళ్లు దాని మీదే చాలాసేపు ప్రశ్నలు వేశారు. అంతవరకే తెలుసు.

ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా?

నగల రంగమంటే కంసాలి పని, సేల్స్‌ కౌంటరు మాత్రమే అనుకుంటాం. కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాల గురించి గొప్పగా చెప్పుకునే మనకి, వాటిని పరీక్షించే పని కూడా ఒక చదువేనన్న సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు.

హాల్‌మార్కింగ్‌ కేంద్రాలు: మన దేశంలో బంగారు నగలకు హాల్‌మార్క్‌ 2021 జూన్‌ 16 నుంచి దశలవారీగా తప్పనిసరైంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి, తప్పనిసరి చేసిన చోట్ల, ఆరు అక్షరాలు, అంకెలతో ఉండే హెచ్‌యూఐడీ లేకుండా దుకాణదారులు హాల్‌మార్క్‌ నగలు అమ్మకూడదు. బీఐఎస్‌ గుర్తింపున్న కేంద్రాల్లో ఎక్స్‌రే యంత్రంతో పైపై పరీక్ష, నమూనా గీసి కొలిమిలో పెట్టే అగ్ని పరీక్ష చేస్తారు. కెమిస్ట్రీ, మెటలర్జీ చదివినవాళ్లకు దగ్గరి పని.

జెమాలజీ: రాళ్లను గుర్తించడం, గ్రేడింగ్‌. 1931లో అమెరికాలో మొదలైన జీఐఏ సంస్థ ముంబయిలోనూ కోర్సులు నడుపుతోంది. ఐఐజీజే సంస్థకు ముంబయి, జైపుర్‌లో క్యాంపస్‌లున్నాయి. రంగురాళ్ల కోతకు జైపుర్‌, వజ్రాల కోతకు సూరత్‌ పెద్ద కేంద్రాలు. బర్మింగ్‌హామ్‌లో 1890 నుంచి ఉన్న నగల స్కూలు ఇప్పుడు అక్కడి సిటీ యూనివర్సిటీలో భాగం.

క్యాడ్‌ డిజైన్‌: త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నగను గీసి, మైనపు నమూనా ప్రింట్‌ చేసి, పోత పోస్తారు. మెకానికల్‌ వాళ్లకు సగం దారి ముందే తెలిసినట్టు.

వెల కట్టడం, కేటలాగింగ్‌: వేలం సంస్థలు, ఆన్‌లైన్‌ అమ్మకాలు, బీమా, బ్యాంకుల్లో బంగారం తాకట్టు రుణాలు.. అన్నిచోట్లా వస్తువును సరిగ్గా చదివి, సరిగ్గా రాసే మనిషి కావాలి.

ఒక హెచ్చరిక. జెమాలజీ కోర్సుల ఫీజులు తక్కువేం కాదు. అప్పు చేసి చేరకండి ముందే. ఒక లూప్‌ కొనుక్కోండి. ఇంట్లో ఉంగరాలు, బొత్తాలు, గాజుల మీద ముద్రలు చదవండి. హెచ్‌యూఐడీ ఉంటే బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో కొట్టి చూడండి. నెల తర్వాత కూడా ఆసక్తి తగ్గకపోతే, అప్పుడు కోర్సు గురించి పాత విద్యార్థుల్ని అడిగి తెలుసుకోండి. బ్రోషర్‌ తనకు తాను వేసుకున్న ముద్ర అని మర్చిపోవద్దు.

పాత కఫ్‌లింక్‌ని చదవాలంటే..

• ముందు వెనకవైపు చూడండి. గొలుసా, కడ్డీనా, నొక్కే రకమా?
• ముద్రలు అన్ని భాగాల మీదా ఉన్నాయా? రెండూ ఒకే ఏడాదివేనా? వేర్వేరు జతల్ని కలిపి అమ్మడం మామూలే.
• గొలుసు, బిళ్ల ఒకే రంగు బంగారమా? టంకం గుర్తులు కొత్తగా ఉంటే మరమ్మతు జరిగి ఉండొచ్చు.
• రాయి వెనక తెరిచి ఉందా, మూసి ఉందా? మూసి ఉంటే రంగు కోసం వెనక రేకు పెట్టి ఉండొచ్చు. అలాంటివాటిని నీళ్లలో ముంచొద్దు.
• ముత్యం, పగడం, ఓపల్‌ ఉన్నవాటిని శబ్ద తరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో పెట్టొద్దు.
• మెరుగు పెట్టించొద్దు. ముద్రలు అరిగిపోతే వస్తువు నోరు పోయినట్టే.
• బిల్లులో ‘రూబీ’ అని మాత్రమే ఉంటే, సహజమా కృత్రిమమా అని అడిగి రాయించుకోండి.

చివరగా..

‘అన్నా, ఇంటర్వ్యూకి కఫ్‌లింక్స్‌ పెట్టుకుని వెళ్లాలా’ అని ఒక జూనియర్‌ అడిగాడు. అక్కర్లేదు తమ్ముడూ. ఇస్త్రీ చేసిన మామూలు చొక్కా, గుండీలు పెట్టుకుంటే చాలు. కానీ వెళ్లేముందు రాత్రి ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయి. రెజ్యూమెలోని ఒక్కో లైనూ ఒక్కో గడిలో పడేయి. మూడో గడిలో పడ్డ లైన్లను తీసేయ్‌, లేదా వాటిని నిజం చేసే పని మొదలుపెట్టు.

ఫ్యాక్టరీలో పుట్టిన కెంపుకి కూడా కొనేవాళ్లు ఉన్నారు. దాని మీద సరైన చీటీ ఉండాలి, అంతే.